ఇరవయ్యారు బోల్టుల బిగువు

లోడు లారీ ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు సిలిండరులో డీజిలు మండి పిస్టన్ని ఎంత బలంతో కిందికి తోస్తుందో, సిలిండరు హెడ్డుని అంతే బలంతో పైకీ తోస్తుంది. కమ్మిన్స్ వారి ఆరు సిలిండర్ల బీ సిరీస్ ఇంజనులో బోరు వ్యాసం 102 మిల్లీమీటర్లు. మండే క్షణాన లోపలి ఒత్తిడి 120 బార్లు ఉందనుకుంటే ఆ తోపు దాదాపు 10 టన్నులు. నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతున్న ఇంజనులో ఒక్కో సిలిండరుకి ఈ దెబ్బ సెకనుకి 20 సార్లు తగులుతుంది. ఆరు సిలిండర్లు వంతులవారీగా ఇలా గుద్దుతున్నా హెడ్డు చలించకూడదు. బ్లాకుకీ హెడ్డుకీ మధ్య ఉన్న పలచటి గ్యాస్‌కెట్ మంటని లోపలే ఉంచాలి, నీళ్ళని నీళ్ళ దారిలో, ఆయిలుని ఆయిలు దారిలో పోనివ్వాలి. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవకుండా పట్టి ఉంచేవి 26 బోల్టులు. బొటనవేలంత లావు కూడా ఉండవు, 12 మిల్లీమీటర్లవి.

విజయవాడ ఆటోనగర్‌లో కమాను కట్టలవాళ్ళది ఒక వరస, లేతు షాపులది ఒక వరస, రేడియేటరు పని, డీజిల్ పంపు పని, బాడీ కట్టేవాళ్ళు, ఎవరి విద్య వాళ్ళది. ఇంజను పని చేసేవాళ్ళలో హెడ్డు దించి ఎక్కించడం రానివాళ్ళు ఉండరు. అందరికీ వచ్చిన పనే అయినా ఒక్కోచోట ఒక్కో మనిషి చేస్తుంటే అడుగు ముందుకు పడదు, నిలబడి చూడాలనిపిస్తుంది. నేను చెప్పబోయే మేస్త్రి అలాంటి పనివాడు. ఆయన చేతిలో చూసిన ఇంజను కూడా ఆ బీ సిరీస్‌దే. 1993లో టాటా, కమ్మిన్స్ కలిసి పెట్టిన టాటా కమ్మిన్స్ కంపెనీ జంషెడ్‌పూర్‌లో తయారు చేసిన ఈ ఇంజన్లు టాటా లారీల్లో కూర్చుని దేశమంతా తిరిగాయి. మన రోడ్ల మీద ఈ ఇంజను చప్పుడు వినని ఊరు ఉండదేమో.

బండి వచ్చేసరికే జబ్బు బయటపడి ఉంది. రేడియేటరు మూత తీసి ఇంజను స్టార్టు చేస్తే నీళ్ళలో బుడగలు వస్తున్నాయి. రోజూ నీళ్ళు తగ్గుతున్నాయి గాని కింద ఎక్కడా కారుతున్న జాడ లేదు. ఆయిలు గేజి బయటికి లాగితే నల్లగా ఉండాల్సిన ఆయిలు టీ రంగులోకి తిరిగింది. హెడ్ గ్యాస్‌కెట్ పోయిందని చెప్పడానికి మేస్త్రి దాకా అక్కర్లేదు, క్లీనరు కూడా చెప్పగలడు. ఎందుకు పోయిందన్నది మాత్రం మేస్త్రే చూడాలి. నీళ్ళు తగ్గి ఇంజను కాగడం వల్లా? హెడ్డు వంగడం వల్లా? అంతకు ముందు ఎక్కించినవాళ్ళు బోల్టులు సమంగా బిగించకపోవడం వల్లా? ఈ ప్రశ్నకి జవాబు దొరక్కుండా కొత్త గ్యాస్‌కెట్ వేస్తే అదీ పాతదాని దారే పడుతుంది.

అందుకే ఆయన విప్పడంలో కూడా తొందరపడడు. ఇంజను పూర్తిగా చల్లారేదాకా హెడ్డు బోల్టు మీద పానా పడదు. వేడి మీద విప్పితే హెడ్డు వంగే ప్రమాదం ఉంది. విప్పేటప్పుడు చివర్ల నుంచి మొదలుపెట్టి నడిమికి వస్తాడు, అదీ ఒక్కసారిగా ఊడదీయడు, అన్నిటినీ కొంచెం కొంచెంగా వదులు చేస్తాడు. ఏ బోల్టు తేలిగ్గా వచ్చింది, ఏది మొరాయించింది అన్నది చెయ్యి గుర్తు పెట్టుకుంటుంది. దించిన హెడ్డు పక్కన పాత గ్యాస్‌కెట్‌ని పరిచి దాని మీద నల్లటి మరకలు ఎటు నుంచి ఎటు పాకాయో చూస్తాడు. ఆ రోజు మూడో సిలిండరు రింగు పక్క నుంచి నీళ్ళ రంధ్రం దాకా సన్నగా కాలిన జాడ ఉంది. అటువైపు బోల్టు విప్పుతున్నప్పుడు మిగతావాటికన్నా తేలిగ్గా తిరిగిందని ఆయన అప్పుడు చెప్పాడు.

తరవాత జరిగే పనిలో ఎక్కువ భాగం బోల్టు బిగించడంలా కనిపించదు. నా ఉద్దేశంలో హెడ్డు బిగువు సగం ఇక్కడే తేలిపోతుంది. బ్లాకు పైముఖం మీద అతుక్కున్న పాత గ్యాస్‌కెట్ ముక్కల్ని స్క్రాపరుతో, ఇనుముకి గీత పడకుండా, బ్లేడు వాల్చి పట్టుకుని గీకుతాడు. ఆ ముక్కలు సిలిండర్లలో పడకుండా ముందే గుడ్డలు కుక్కి ఉంటాయి. డీజిలుతో తుడిచి, మళ్ళీ పొడి గుడ్డతో తుడిచి, అప్పుడు స్ట్రెయిట్ ఎడ్జి తెచ్చి బ్లాకు మీద నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి, దాని కింద ఫిల్లర్ గేజి దూర్చి చూస్తాడు. హెడ్డు అడుగు ముఖానికీ ఇదే పరీక్ష. ఇక్కడ హద్దులు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటాయి. సన్నపాటి రేకు ఒకచోట దూరిందంటే హెడ్డు లేతు షాపుకి ఫేసింగుకి పోవాల్సిందే. బండి ఆగితే రోజుకింత నష్టమని ఓనరు గోల పెట్టినా సరే.

బోల్టు రంధ్రాల దగ్గర ఆయన చేసే పని నన్ను అన్నిటికన్నా ఆకట్టుకుంది. ఒక పాత హెడ్డు బోల్టుకి మరల మీద నిలువునా హాక్సా బ్లేడుతో గాళ్ళు కోసి పెట్టుకున్నాడు. దాన్ని ఒక్కో రంధ్రంలోకి వేళ్ళతోనే దింపుతాడు, వేళ్ళతోనే తీస్తాడు. మరల్లో ఉన్న తుప్పు, మసి ఆ గాళ్ళలోకి చేరి బోల్టుతో పాటు పైకి వస్తాయి. తుడుస్తాడు, మళ్ళీ దింపుతాడు. 26 రంధ్రాలకీ ఇదే. తరవాత గాలి పైపు పెట్టి అడుగున మిగిలిన చెమ్మ, ఆయిలు బయటికి కొడతాడు. అడుగు మూసుకున్న రంధ్రంలో ఆయిలుగాని నీళ్ళుగాని నిలిచి ఉంటే బోల్టు దిగేకొద్దీ దానికి పోయే దారి ఉండదు. ద్రవం నలగదు గనక ఆ ఒత్తిడి బ్లాకునే చీల్చవచ్చు. చీలకపోయినా బోల్టు అడుగున అడ్డం తగిలి రెంచికి బిగిసినట్టు తోస్తుంది, హెడ్డు మాత్రం బిగియదు. అందుకని చివరికి ప్రతి రంధ్రంలోకీ అసలు బోల్టునే వేళ్ళతో దింపి చూస్తాడు. చివరి మర దాకా ఎక్కడా పట్టకుండా దిగాలి. పట్టిందంటే ఆ రంధ్రానికి ఇంకా పని ఉన్నట్టే.

బోల్టుల్ని కూడా అలా వదిలెయ్యడు. ఒకసారి బిగిసిన బోల్టు కొంత సాగి ఉంటుంది. తన సాగుడు హద్దులోనే ఉంటే మళ్ళీ వాడుకోవచ్చు, దాటితే పారేయాలి. ఈ ఇంజను బోల్టులకి ఎంత పొడుగు దాకా పనికొస్తాయో మాన్యువల్లో హద్దు ఇచ్చి ఉంటుంది. ఆయన వెర్నియర్‌తో కొలిచి రెండు కుప్పలుగా పోస్తాడు. కొలతకి లొంగినా మెడ దగ్గర సన్నబడిందేమోనని ఒక్కోదాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తాడు. మంచివాటి మరలకీ తల అడుగుకీ ఇంజను ఆయిలు రాసి, ఎక్కువైనది కారిపోయేలా ఇనప జాలీ మీద వరసగా నిలబెడతాడు.

ఈ ఆయిలు చుక్కకి ఎంత విలువ ఉందో తెలియాలంటే బోల్టు బిగించడమంటే లోపల ఏం జరుగుతుందో కాస్త చూడాలి. రెంచి మీద మనం పెట్టే బలంలో సుమారు సగం బోల్టు తల అడుగున రాపిడికే ఖర్చవుతుంది. ఇంకో 40 శాతం దాకా మరల రాపిడికి పోతుంది. మిగిలిన పదో వంతే బోల్టుని సాగదీస్తుంది. సాగిన బోల్టు మళ్ళీ పొట్టి కావాలని గుంజుతూ ఉంటుంది. ఆ గుంజుడే హెడ్డుని బ్లాకుకి అదిమి పట్టే బిగువు. నూనె పూసిన 12 మిల్లీమీటర్ల బోల్టుని 90 న్యూటన్ మీటర్లకి బిగిస్తే, ఆటోనగర్ లెక్కలో చెప్పాలంటే 9 కేజీలకి పైగా, ఒక్క బోల్టే సుమారు 5 టన్నులతో అదుముతుంది. అదే బోల్టుని ఎండు మరతో అదే 90కి బిగిస్తే బిగువు పావు వంతు తగ్గిపోతుంది. రెంచికి ఈ తేడా తెలియదు, దానికి తగిలేది తిప్పుడు బలం ఒక్కటే. ఇరవై బోల్టులకి ఆయిలు రాసి ఆరింటిని మరిచిపోతే రెంచి అన్నిచోట్లా ఒకే మాట చెబుతుంది, హెడ్డు మాత్రం ఒక పక్క గట్టిగా, ఇంకో పక్క వదులుగా కూర్చుంటుంది. మూడో సిలిండరు పక్క కాలిన ఆ జాడ ఇలాంటిదేనని మేస్త్రి అనుమానం.

గ్యాస్‌కెట్‌ని పొడిగానే వేస్తాడు. కొందరు భద్రం కోసమని దానికి పేస్టో గ్రీజో పూస్తారు. కంపెనీ పూతలు ముందే ఉన్న గ్యాస్‌కెట్‌కి అది మేలుకన్నా కీడే చేస్తుంది. పైవైపు ఏదో చూసి, నీళ్ళ రంధ్రాలూ ఆయిలు రంధ్రాలూ బ్లాకులో ఉన్నవాటి మీద సరిగ్గా కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూసుకుని, డోవెల్ పిన్నుల మీద దింపుతాడు. హెడ్డుని ఇద్దరు కలిసి ఎత్తి నిలువునా దించాలి. పక్కకి ఈడ్చారంటే గ్యాస్‌కెట్ గీరుకుపోతుంది. తరవాత పుష్‌రాడ్లు, వాటి మీద రాకర్లు. ఈ ఇంజనులో 26 బోల్టుల్లో 6 పొడుగువి. సిలిండరుకి ఒకటి చొప్పున అవి రాకరు దిమ్మలోంచి హెడ్డుని దాటి బ్లాకులోకి దిగుతాయి. కనక ట్యాపెట్ స్క్రూలు ముందే వెనక్కి తిప్పి ఉంచకపోతే, పొడుగు బోల్టు బిగిసేకొద్దీ వాల్వు స్ప్రింగు ఎదురు తన్ని రాకరు దిమ్మ వాలిపోతుంది, పుష్‌రాడ్డు వంగనూ వచ్చు. ఆయన ఆరింటి స్క్రూలూ వదులు చేశానని నోటితో చెప్పుకుని మరీ ముందుకి కదులుతాడు.

ఇప్పుడు టార్క్ రెంచి పెట్టె తెరుస్తాడు. అది వేరే పనిముట్లతో కలవదు, దానికో సొంత పెట్టె ఉంది. దానితో ఎన్నడూ బోల్టు విప్పడు, విప్పమని ఎవరికీ ఇవ్వడు. న్యూయార్క్ నగర నీటి సరఫరా శాఖలో పనిచేసిన కాన్రాడ్ బార్ అనే ఆయన 1918లో, భూమి లోపలి పైపుల ఫ్లాంజి బోల్టుల్ని కూలీలు అతిగా బిగించి పాడుచేయకుండా ఈ పనిముట్టుని తయారు చేశాడని చెబుతారు. బలం లేనివాడికి బలం ఇవ్వడానికి పుట్టింది కాదది. బలం ఉన్నవాడి చేతికి ఎక్కడ ఆగాలో చెప్పడానికి పుట్టింది. పానాకి గజం పైపు తొడిగి ఒంటి బరువంతా వేసి లాగే పద్ధతి ఇప్పటికీ చాలా షాపుల్లో ఉంది. అలా లాగేవాళ్ళ కండబలాన్ని నేను కాదనను. 26 బోల్టులకీ ఒకే బలం పెట్టడం మాత్రం ఏ కండకీ సాధ్యం కాదు. మొదటి బోల్టు దగ్గర ఉన్న చెయ్యి ఇరవయ్యో బోల్టు దగ్గరికి వచ్చేసరికి అలిసిపోయి ఉంటుంది. అతిగా లాగిన బోల్టు మళ్ళీ వెనక్కి రాలేనంతగా సాగిపోతుంది. దాని బిగువు అప్పటికి ఎక్కువగానే తోచినా, వేడికీ చల్లదనానికీ ఇంజను పెరిగి తగ్గుతుంటే ఆ బిగువు నిలవదు.

మొదటి బోల్టు నడిమిది. అక్కడి నుంచి అటొకటి ఇటొకటి, చుట్టూ తిరుగుతూ అంచులకి పోవాలి. పెనం మీద అట్టు పిండిని నడిమి నుంచి అంచులకి గరిటె తిప్పుకుంటూ పోయినట్టే ఇదీ. నడిమి నుంచి బయటికి వస్తే గ్యాస్‌కెట్‌లో ఉన్న చిన్న చిన్న ముడతలూ ఎగుడుదిగుళ్ళూ బయటికి సాగిపోతాయి. రెండు చివర్లూ ముందే బిగించేస్తే అవి పోయే దారి లేక నడుమ చిక్కుపడతాయి, హెడ్డు నడుము పైకి లేచి ఉంటుంది. బిగించాల్సిన వరస మాన్యువల్లో అంకెలు వేసి ఉంటుంది. వేలి కొసల్లో ఉన్న విద్యే అయినా ఆయన ఆ పేజీ తెరిచి బ్యాటరీ పెట్టె మీద పెట్టుకుంటాడు. ముందు అన్నిటినీ చిన్న పానాతో తగిలే దాకా దింపుతాడు. అప్పుడు ఆ వరసలోనే అన్నిటికీ 90 న్యూటన్ మీటర్లు. ఆ వరస పూర్తయ్యాక మళ్ళీ మొదటి బోల్టు మీద రెంచి పెడతాడు. చివరి బోల్టు బిగిసేసరికి గ్యాస్‌కెట్ ఇంకాస్త అణగి, మొదట బిగించినవి కొద్దిగా వదులై ఉంటాయి. వాటిని పట్టుకోవడానికే ఈ రెండో చుట్టు. తరవాత 6 పొడుగు బోల్టుల్ని 120కి పెంచుతాడు. ఇవి ఈ ఇంజను అంకెలు. ఇంకో ఇంజనుకి ఇంకో లెక్క, ఇంకో వరస. మాన్యువల్ దగ్గర పెట్టుకోవడం అందుకే.

చెయ్యి ఎలా కదులుతుందో చూడండి. ఎడమ అరచెయ్యి రెంచి తల మీద ఆని సాకెట్ వాలకుండా నిలబెడుతుంది. కుడి చెయ్యి పిడి మధ్యలో ఉన్న గీత దగ్గర పట్టుకుంటుంది. కొసన పట్టుకోదు. కుదుపు లేకుండా, ఒకే ఊపులో, పెట్టిన అంకె దగ్గర రెంచి టిక్కుమనేదాకా లాగుడు ఆగదు. టిక్కుమనగానే చెయ్యి వదులవుతుంది. రెండోసారి టిక్కు వినాలని లాగడం కుర్రాళ్ళకి అలవాటు. ఆ రెండో టిక్కులో బోల్టు కొంచెం ఎక్కువ తిరుగుతుంది. ఆ రోజు పక్కన పని నేర్చుకుంటున్న కుర్రాడికి ఒక బోల్టు ఇచ్చాడు. వాడు సగం లాగి, కాలు సర్దుకోవడానికి ఆగి, మళ్ళీ లాగాడు. వెంటనే టిక్కుమంది.

“అయిపోయింది గురువు గారూ,” అన్నాడు వాడు.

“అయిపోలేదురా. ఆగావు గదా. ఆగిన బోల్టు మళ్ళీ కదలడానికి ఎక్కువ బలం తింటది. రెంచి టిక్కుమంది గాని బోల్టు కదల్లా. పావు చుట్టు వెనక్కి తీసి, ఆగకుండా లాగు.”

వాడు వెనక్కి తీసి లాగితే బోల్టు ముందుకన్నా కొద్దిగా ఎక్కువే దిగింది. తలకి పెట్టిన సుద్ద గీత ఎక్కడుండేదో, ఇప్పుడెక్కడుందో వాడికి వేలితో చూపించాడు. రాపిడి గురించి పుస్తకాల్లో పేజీలు పేజీలు రాసినదంతా ఆ వెంట్రుకవాసి తేడాలో వాడి కళ్ళ ముందు ఉంది. ఇంతకన్నా మంచి పాఠం ఏ పాలిటెక్నిక్‌లోనైనా చెప్పగలరా అని నాకు అనుమానమే.

చివరి అంచె అన్నిటికన్నా సొగసైనది. ఇక్కడ రెంచి అంకెతో పని లేదు. ప్రతి బోల్టునీ ఇంకో 90 డిగ్రీలు, అంటే పావు చుట్టు, తిప్పాలి. 1.75 మిల్లీమీటర్ల మర పిచ్చులో పావు చుట్టు అంటే 0.44 మిల్లీమీటరు. మర ఎండుగా ఉన్నా తడిగా ఉన్నా, రాపిడి ఎంత ఉన్నా పావు చుట్టుకి బోల్టు దిగే దూరం మారదు. తిప్పుడు బలాన్ని నమ్మి వచ్చినంత దూరం వచ్చి, రాపిడి మోసం చేసే చోట లెక్కని కోణానికి అప్పగించడం ఇందులోని తెలివి. మేస్త్రి ప్రతి బోల్టు తల మీదా తెల్ల పెయింటుతో ఒక చుక్క పెడతాడు, దానికి 90 డిగ్రీల దూరంలో హెడ్డు మీద ఇంకో చుక్క. ఆరు మూలల బోల్టు తలలో మూలకీ మూలకీ 60 డిగ్రీలు కనక 90 అంటే మూలన్నర. కంటికి ఆ లెక్క కూడా సాయం వస్తుంది. పొడుగు పిడి పట్టుకుని, మళ్ళీ నడిమి నుంచి మొదలుపెట్టి, చుక్క చుక్కని చేరేదాకా లాగుతాడు. ఈ అంచెలో బోల్టు బలంగా ఎదురు తిరుగుతుంది. ఎదురు తిరుగుతూ నున్నగా, ఒకే తీరుగా తిరిగితే బోల్టు ఆరోగ్యంగా ఉన్నట్టు. ఉన్నట్టుండి మెత్తబడి తేలిగ్గా తిరిగిందంటే అది సాగి తెగే దారిలో ఉన్నట్టు. అలాంటిది తగిలితే ఎంత దూరం వచ్చినా దాన్ని తీసి మార్చాల్సిందే. ఆ రోజు 26 చుక్కలూ తమ తమ చోట్లకి చేరాయి. హెడ్డు ఒక కొస నుంచి చూస్తే తెల్ల చుక్కలన్నీ ఒకే కోణంలో వరస తీరి ఉన్నాయి. ఆ వరసలో ఏ ఒక్కటీ తప్పకపోవడం చూసి నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు.

ఇంత గట్టిగా బిగించడం బోల్టుకి భారమేమో అనిపిస్తుంది. నిజానికి సరిగ్గా బిగిసిన బోల్టుకే ఆయుష్షు ఎక్కువ. హెడ్డుని బ్లాకుకి అదిమే బిగువు మంట తోపుకన్నా ఎంతో ఎక్కువగా ఉన్నప్పుడు, సెకనుకి 20 సార్లు వచ్చే ఆ దెబ్బలో కొద్ది భాగమే బోల్టు దాకా చేరుతుంది. మిగతాదంతా హెడ్డూ బ్లాకూ ఒకదాన్నొకటి అదుముకున్న చోటే సర్దుకుపోతుంది. వదులు బోల్టుకి ఆ అదనపు బిగువు ఉండదు, ప్రతి దెబ్బా దానికే తగులుతుంది. సాగి, తగ్గి, సాగి, తగ్గి, కొన్ని లక్షల దెబ్బలకి అలసిపోయి తెగుతుంది. ఇంజనులో తెగిన బోల్టు చూసి ఎక్కువ బిగించేశారనడం పరిపాటి. చాలాసార్లు అసలు తప్పు తక్కువ బిగించడంలో ఉంటుంది.

రెంచిని తుడిచి, స్ప్రింగు మీద భారం ఉండిపోకుండా అంకెని అడుగుకి తిప్పి పెట్టెలో పెట్టాక ట్యాపెట్లకి కూర్చున్నాడు మేస్త్రి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్‌కి 0.25, ఎగ్జాస్టుకి 0.51 మిల్లీమీటరు. అంతలో ఓనరు వచ్చి హెడ్డు వైపు చూశాడు. ఆయన పాత కాలం లారీలు నడిపిన మనిషి. ఆ ఇంజన్లలో మెత్తటి గ్యాస్‌కెట్లు ఉండేవి, బండి కొంత తిరిగి వేడెక్కాక అవి ఇంకా అణిగేవి, అందుకని హెడ్డుకి రెండో బిగింపు తప్పనిసరిగా ఉండేది.

“వెయ్యి కిలోమీటర్లు తిరిగాక తీసుకొస్తా, ఇంకో పట్టు పడతావా?” అన్నాడు.

“దీనికి అక్కర్లేదండీ. ఈ గ్యాస్‌కెట్ ఇంక అణగదు. ఇప్పుడు ఇంకో పట్టు పట్టానంటే, పెట్టిన బిగువు నేనే చెడగొట్టినట్టు,” అని మూడో సిలిండరు రాకరు కింద ఫిల్లర్ గేజి రేకు దూర్చాడు మేస్త్రి. “వెయ్యి తిరిగాక తీసుకురండి. నీళ్ళు ఎంత తగ్గాయో, ఆయిలు రంగు ఎలా ఉందో చూస్తా. బోల్టుల మీద మాత్రం చెయ్యి పెట్టను.”